పోయిన చేప ఎందుకు పోయింది?

శ్రీకాకుళంలో ఒక ఆదివారం సాయంత్రం గాలం వేట గురించి జరిగిన ప్రసంగం ఇది. రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి. ఇద్దరెత్తారు. ఎత్తారంటే వినిపించినట్టే కదా, దించెయ్యండి.

నేను ఉపన్యాసాలిచ్చే మనిషిని కాను. 31 ఏళ్లు కరెంటు స్తంభాలెక్కాను. లైన్‌మన్‌ని. చెరువు గట్టు మీద నిలబడ్డవాడికి నీటి మీద మెరుపే కనిపిస్తుంది. స్తంభమెక్కినవాడికి నీళ్లలోపల ఏం తిరుగుతోందో కనిపిస్తుంది. తామరాకుల కింద కొర్రమీను నీడలా ఆగి ఉండటం నేను మొదట చూసింది స్తంభం మీద నుంచే. పని అయిపోయినా దిగేవాణ్ని కాదు. కింద హెల్పరు "అన్నా, ఏటి, నిద్దరోయావా?" అని అరిచేవాడు.

మా డిపార్టుమెంటులో ఒక అలవాటుంది. లైను ట్రిప్పయితే రిజిస్టర్లో రాయాలి. ఎన్నింటికి పోయింది, ఎన్నింటికి వచ్చింది, కారణం ఏమిటి. జంపరు తీగ ఊడిందా, కొమ్మ తగిలిందా, ఉడత పడిందా? "కారణం తెలియదు" అని రాస్తే పై ఆఫీసరు ఒప్పుకోడు, మళ్లీ వెళ్లి వెతకమంటాడు. రిటైరయ్యాక ఆ అలవాటు చేపల మీదికి మళ్లింది. ఇదిగో, ఈ నోటుబుక్కు. ఇందులో పట్టిన చేప ఒక్కటీ లేదు. అన్నీ పోయినవే. గాలానికి తగిలి, చేతికి రాకుండా పోయినవి. పక్కన కారణం.

మనం ఏమంటాం? "పెద్ద చేపండీ, తెంపుకుని పోయింది." అదేదో చేప గొప్పతనం అయినట్టు. ఈ పుస్తకం తిరగేస్తే నాకు తెలిసిందేమిటంటే, తెంపుకుని పోయినవి చాలా తక్కువ. మిగతావన్నీ నేను సాగనంపినవే. ఇవాళ ఆ సంగతే చెబుతాను.

అయితే ముందు బాస్ గురించి చెప్పాలి. ప్రకటనలో ఆ పేరు చూసే కుర్రాళ్లు చాలామంది వచ్చినట్టున్నారు. బాస్ మన చేప కాదు. లార్జ్‌మౌత్ బాస్ అంటారు, ఉత్తర అమెరికా మంచినీళ్ల చేప. మన నాగావళిలో లేదు, వంశధారలో లేదు. మన పండుగప్పని ఇంగ్లీషులో సీ బాస్ అంటారు గానీ అది వేరే జాతి, పేరే కలిసింది. మరి నాకెలా తెలిసింది? మా అమ్మాయి డల్లాస్‌లో ఉంటుంది. ఆరు నెలలు వెళ్లాం. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోందని మా అల్లుడు లైసెన్సు కొనిపెట్టి లేక్ ఫోర్క్ అనే చెరువుకి తీసుకెళ్లాడు. చెరువంటే మన చెరువు కాదు లెండి, పెద్ద రిజర్వాయరు. నీళ్లలో ఎక్కడ చూసినా మోడు చెట్లే.

అక్కడ నాకు 20 అంగుళాల బాస్ పడింది. ఇంతుంది. చేతిలో ఉంది. మా అల్లుడు కొలబద్ద పెట్టి కొలిచి, "మామయ్యా, వదిలెయ్యాలి" అన్నాడు. ఆ చెరువులో 16 అంగుళాల నుంచి 24 అంగుళాల మధ్య ఉన్న బాస్‌ని తిరిగి నీళ్లలో వదలాల్సిందే, అది రూలు. బాగా పెద్దవయ్యే చేపలు చెరువులో మిగలాలని. వదిలాను. వదిలి ఇంటికొచ్చి పప్పుచారు తిన్నాను. ఆ బాధ మీకు అర్థమవుతుందో లేదో.

అయితే అక్కడే ఒకటి అర్థమైంది. ఈ బాస్ అనేది గుణంలో అచ్చం మన కొర్రమీనే. రెండూ వెంటపడి వేటాడే రకం కాదు, మాటు వేసే రకం. మోడు పక్కనో, ఆకుల నీడనో కదలకుండా ఉంటుంది. ఎదుట ఏదైనా కదిలితే నోరు తెరిచి ఒక్క ఉదుటున మింగుతుంది. కాబట్టి వాళ్లు బాస్ కోసం తయారుచేసుకున్న సరంజామా, రబ్బరు కప్ప, మెత్తటి ప్లాస్టిక్ పురుగు, తిరిగే రేకు, ఇవన్నీ మన కొర్రమీనుకి పనికొస్తాయి. బొచ్చెకీ శీలావతికీ పనికిరావు. వాటికి తవుడు ముద్దే.

సరే, రిజిస్టరు తీద్దాం.

మొదటి కారణం, ఇందులో అన్నిటికంటే ఎక్కువసార్లు రాసింది ఒకే మాట. "తొందర." తొందర, తొందర, మళ్లీ తొందర. ఒక పేజీ మొత్తం అదే.

రబ్బరు కప్ప చూపిస్తాను. ఇదిగో, లోపల డొల్ల, నొక్కితే అణుగుతుంది. రెండు గాలాలూ వీపుకి ఆనుకుని పైకి తిరిగి ఉంటాయి. అందుకని ఆకుల మీద, గుర్రపుడెక్క మీద ఈడ్చినా పట్టుకోదు. చేప నొక్కినప్పుడు కప్ప అణిగి మొనలు బయటికొస్తాయి. ఆకుల అవతలికి విసురుతాం. కొంచెం లాగుతాం, ఆపుతాం. కొంచెం లాగుతాం, ఆపుతాం. ఆకుల మధ్య ఖాళీ వచ్చిందా, అక్కడ ఎక్కువసేపు ఆపాలి. అప్పుడు కింద నుంచి, టప్! నీళ్లు లేస్తాయి. మీరేం చేస్తారు? చెప్పండి, ఏం చేస్తారు?

లాగేస్తారు. నేనూ లాగేశాను. కప్ప వచ్చి నా మొహానికి తగిలింది. చేప అక్కడే ఉంది.

ఎందుకంటే ఆ చప్పుడు చేప కప్పని పట్టిన చప్పుడు కాదు, పట్టడానికి వచ్చిన చప్పుడు. ఆకుల్ని తోసుకుని వస్తుంది, నోట్లోకి తీసుకుంటుంది, అప్పుడు నోరు మూసి కిందికి తిరుగుతుంది. ఆ తిరిగేదాకా ఆగాలి. ఒకటి... రెండు... అని లెక్కపెట్టండి. దారం నీళ్లలోకి జరుగుతుంది, కర్ర కొస మీద బరువు తెలుస్తుంది. అప్పుడు గట్టిగా లాగండి. చప్పుడికి లాగొద్దు, బరువుకి లాగండి. ఇంటికెళ్లాక ఇవాళ చెప్పిందంతా మర్చిపోయినా ఈ ఒక్కటి గుర్తుంటే నాకు చాలు.

ప్లాస్టిక్ పురుగుకి మాత్రం ఇది వర్తించదు. పురుగుని గాలానికి ఎక్కించి, మొనని మళ్లీ దాని ఒంట్లోనే దాచేస్తారు. ముందు ఏడు గ్రాముల మొనదేలిన సీసం గుండు. టెక్సస్ రిగ్ అంటారు. ఇది అడుగున పాకుతుంది. చేప పట్టుకుంటే చేతికి టక్, టక్ అని తెలుస్తుంది. వదులు దారం చుట్టేసి వెంటనే లాగాలి. ఆలస్యం చేస్తే గొంతులోకి మింగేస్తుంది. అంటే పైన ఆగాలి, కింద ఆగకూడదు.

రెండో కారణం, మొన. గాలం కొత్తదే కదా, పదునుగానే ఉంటుంది కదా అనుకుంటాం. ఇలా బొటనవేలి గోరు మీద మెల్లగా ఆనించి జరపండి. గోరుకి పట్టుకుని ఆగిందా, మంచిది. జారిపోయిందా, చేప దవడ మీదా అలాగే జారిపోతుంది. రాయికి తగిలిన ప్రతిసారీ చూసుకోండి. చిన్న ఆకురాయి జేబులో ఉంటే నాలుగు రుద్దులు.

ఇక ముడి. ముందు వరసలో ఆ తమ్ముడు ఇలా రా. నవ్వొద్దు, రా. ఇది తాళంకప్ప. రబ్బరు కప్ప చూశారుగా, ఇప్పుడు తాళంకప్ప. దీని కొంకి గాలం కన్ను అనుకో. ఇది బట్టలారేసే తాడు, దారం అనుకో. తాడుని రెండు పేటలు చెయ్యి. ఆ మడత కన్నులోంచి దూర్చు. ఇప్పుడు రెండు పేటలతోటే మామూలు ముడి వెయ్యి, బిగించకు. ఆ వదులుగా మిగిలిన మడత ఉంది చూడు, దాన్ని తాళంకప్ప మొత్తానికి తొడుగు. కిందికి తోలు. ఆ, ఇప్పుడు ఆగు. బిగించే ముందు ఏం చెయ్యాలి?

ఎవరూ చెప్పట్లేదు. ఉమ్మి! నోట్లో పెట్టి తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడికి వేడి పుట్టి నైలాన్ దారం అక్కడే బలహీనపడుతుంది. చూడ్డానికి ముడి బాగానే ఉంటుంది. చేప ఊపితే సరిగ్గా ముడి దగ్గరే పుటుక్కుమంటుంది. తెగిన కొస చూడండి, పిగిలిపోయి ఉంగరాలు తిరిగి ఉంటే ముడి పాడైందని గుర్తు. పాలొమార్ ముడి అంటారు దీన్ని. అల్లిన దారానికీ పట్టు ఉంటుంది, నైలానుకీ ఉంటుంది. వెళ్లి కూర్చో తమ్ముడూ, తాడు ఇచ్చి వెళ్లు, అది మా ఇంటిది.

ఇప్పుడు నా సొంత సబ్జెక్టు. ఫ్యూజు. ఇంట్లో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని కొందరు ఏం చేస్తారు? లావు తీగ చుట్టేస్తారు. ఇక ఫ్యూజు పోదు. ఫ్యూజు బదులు మోటారు పోతుంది. కాలాల్సిన చోట కాలకపోతే కాలకూడని చోట కాలుతుంది. దారం చుట్టే ఈ రీలుకి ముందు మర ఉంది చూశారా, దీన్ని డ్రాగ్ అంటారు. ఇది మీ ఫ్యూజు. చేప ఒక హద్దు దాటి లాగితే దారం తెగకుండా, రీలు తిరిగి దారాన్ని వదలాలి. దీన్ని మొత్తం బిగించి పెట్టేవాళ్లు లావు తీగ చుట్టినవాళ్లే.

మరి ఎంత బిగించాలి? దారం కాసే బరువులో పావు వంతు నుంచి మూడో వంతు మధ్య. పది కిలోల దారమైతే రెండున్నర, మూడు కిలోలు. చేతి అంచనాతో వద్దు. స్ప్రింగు కాటా కొక్కేనికి దారం కట్టి, కర్ర ఎత్తి లాగండి. ముల్లు మూడు దగ్గరికి వచ్చేసరికి రీలు కిర్రుమని తిరగాలి. రాకముందే తిరిగితే బిగించండి, వచ్చినా తిరక్కపోతే వదులు చెయ్యండి. దట్టమైన నాచులో ఇంకొంచెం బిగించక తప్పదు, లేకపోతే అడుగుకి వెళ్లి చుట్టుకుంటుంది. అందుకే అక్కడ దారమూ లావుదే వాడాలి. ఇంటికెళ్లేటప్పుడు మర వదులు చేసి పెట్టండి, లోపలి వాషర్లు నాలుగు రోజులు ఎక్కువ బతుకుతాయి.

దారం సంగతి తొందరగా చెప్పేస్తాను. మామూలు నైలాన్ దారం సాగుతుంది. చేప ఎగిరినప్పుడు అది మంచిదే, కానీ దూరంలో గాలం దిగదు. అల్లిన దారం సాగదు, ఆకుల్ని కోసుకుంటూ వస్తుంది. కప్ప వేసేచోట అల్లిన దారమే. కర్ర ఏడడుగులు, కొస తప్ప మిగతాది గట్టిగా ఉండాలి. మూడు వేల లోపు కర్రా రీలూ వచ్చేస్తాయి. పదిహేను వేలది కొంటే చేపకేమీ తెలియదు, పక్కవాడికి తెలుస్తుంది.

ఇంకో కారణం, వదులు దారం. చేప నీళ్లపైకి ఎగిరి తల విదిలిస్తుంది. ఆ క్షణంలో దారం వదులైతే గాలం ఊడి బయటికొస్తుంది. చేప పైకి లేస్తోందని తెలియగానే కర్ర కొస కిందికి, పక్కకి దించండి. మనవాళ్లు సంబరంలో కర్ర ఆకాశానికెత్తుతారు, ఫొటో కోసం. ఫొటోలో కర్రే ఉంటుంది.

అసలు చేప ఎక్కడుందో తెలియకపోతే ఇదంతా ఎందుకు అంటారా? నిజమే. కొర్రమీనుకి ఒక బలహీనత ఉంది, గాలి కోసం పైకి రావాల్సిందే. మొప్పలతోటే సరిపెట్టుకోలేదు. పైకి రానివ్వకుండా వలలో బిగించి ఉంచితే నీళ్లలోనే చచ్చిపోతుంది. కాబట్టి వెళ్లగానే గాలం విసరకండి. పావుగంట కూర్చోండి. గుటక వేసినట్టు చిన్న చప్పుడు, ఒక సుడి, రెండు బుడగలు. అది ఎక్కడ వచ్చిందో చూసుకోండి. దాని నెత్తిన విసరొద్దు, రెండు బారలు దాటించి అవతల వేసి దాని ముందు నుంచి లాక్కురండి. సూర్యుడు మీ వీపు వెనక ఉంటే మీ నీడ నీళ్ల మీద పడుతుంది, చోటు మార్చండి. గట్టు మీద దబదబ నడవొద్దు. చేపకి ఒంటి పక్కన గీత ఉంటుంది, అదే దాని చెవి లాంటిది, అడుగు అదురు దానికి అందుతుంది. అడుగు దూరంలో గొణుక్కున్నా పర్లేదు, కాలు మాత్రం మెల్లగా వెయ్యండి.

తొలకరి వానకి గెడ్డ నీళ్లు చెరువులోకి దిగే చోటు, మదుము పక్కన, అలుగు కింద గుంట, జమ్ము అంచు. ఎండాకాలంలో తెల్లారగట్టా, పొద్దువాలాకా. మిట్టమధ్యాహ్నం ఇంట్లో పడుకోండి, కొర్రమీను కూడా ఆకుల కింద అదే పని చేస్తుంది.

వానాకాలంలో మాత్రం ఒకటి చూస్తారు. నీటి మీద ఎర్రగా, బంతిలా, పిల్లల గుంపు కదులుతూ ఉంటుంది. కింద తల్లీ తండ్రీ కాపలా. ఆ గుంపు మీద ఏది పడినా తల్లి కొడుతుంది. ఆకలికి కాదు, పిల్లల కోసం. గురి రానివాడికి కూడా పడుతుంది. పట్టారనుకోండి, సాయంత్రానికి ఆ పిల్లల్ని జెల్లలు, మట్టగిడసలు కలిసి ఊడ్చేస్తాయి. ఒక చేప కోసం చెరువు మొత్తం పోగొట్టుకున్నట్టు. అక్కడ నేను కర్ర మడిచేస్తాను.

ఏటి తాతా? గట్టిగా చెప్పండి, వెనకోళ్లకి వినపడాలి.

తాత అడుగుతున్నది ఏమిటంటే, "అంత డబ్బెట్టి బొమ్మ కప్ప కొనీకంటే, నిజం కప్పనే కట్టీరాదా బావూ" అని. తాత తరం అంతా అలాగే పట్టింది. కాదనను. బాస్‌లో ప్రపంచ రికార్డు 22 పౌండ్ల 4 ఔన్సులు, అంటే పది కిలోలు. 1932లో అమెరికాలోని జార్జియాలో జార్జ్ పెర్రీ అనే రైతు పట్టాడు. తూకం వేయించి, ఇంటికి తీసుకెళ్లి, వండుకుని తిన్నారు! 77 ఏళ్లకి, 2009లో, జపాన్‌లో బివా సరస్సులో కురిటా అనే ఆయన దాన్ని సమం చేశాడు. ఆయన వాడింది బతికున్న చిన్న చేపనే. కాబట్టి తాత మాటలో బలముంది. నేను బొమ్మ కప్ప ఎందుకంటానంటే, నిజం కప్పని చేప గొంతుదాకా మింగుతుంది. గాలం కడుపులో దిగుతుంది. చిన్నదైతే వదిలేద్దామన్నా బతకదు. బొమ్మ కప్ప అయితే చాలావరకు పెదవికే తగులుతుంది. పైగా కప్పలు తగ్గిపోతే దోమలు ఎవరింటికొస్తాయి తాతా? అదీ ఉంది.

చేప చేతికొచ్చాక కూడా పోతుంది, అది రిజిస్టర్లో చివరి ఖాతా. డల్లాస్‌లో బాస్ కింది పెదవి బొటనవేలితో పట్టుకుని ఎత్తుతారు, దాని పళ్లు గరుకు కాగితంలా ఉంటాయంతే. ఆ వీడియోలు చూసి కొర్రమీను నోట్లో వేలు పెట్టకండి, దానివి నిజం పళ్లు. చెయ్యి తడుపుకుని మెడ వెనక పట్టుకోండి. గాలం తియ్యడానికి పొడుగు ముక్కు పటకారు ఉండాలి. లేనిరోజు నేను వేళ్లతో తీయబోయాను. చేప విదిలించింది, రెండో గాలం నా బొటనవేల్లో దిగింది. చేప ఒకవైపు, నేను ఒకవైపు, ఒకే కప్పకి. ఆ రోజు డాక్టరు దగ్గర టెటనస్ ఇంజెక్షను వేయించుకుని వచ్చి, ఇంట్లో ఉన్న గాలాలన్నిటికీ వెనక్కి తిరిగిన ముల్లుని పటకారుతో నొక్కేశాను. చేపలు ఊడిపోతాయేమో అనుకున్నాను. దారం బిగువుగా ఉంచితే ఊడలేదు.

తెగిన దారం గట్టున పారెయ్యకండి. మన తేలినీలాపురం వలస పక్షుల కాళ్లకి చుట్టుకుంటే అవి విప్పుకోలేవు. జేబులో పెట్టుకుని తెచ్చెయ్యండి. చెరువు ఏ సంఘం లీజులో ఉందో కనుక్కుని అడిగి వెయ్యండి, అడిగితే కాదనేవాళ్లు తక్కువ. వంశధార మీది గొట్టా బ్యారేజీ దిగువన రాళ్ల మీదికి దిగకండి, ఒడిశాలో వాన పడితే ఇక్కడ ఎండగా ఉన్నా గేట్లెత్తుతారు.

ఆఖరిది లైన్‌మన్‌గా చెబుతున్నాను, వేటగాడిగా కాదు. ఈ కర్రలు వెదురు కావు. కార్బన్. కార్బన్‌లో కరెంటు పారుతుంది. చెరువు గట్ల మీంచి 11 కేవీ లైన్లు ఎన్నిచోట్ల వెళ్తున్నాయో నాకు తెలుసు, కొన్ని నేనే లాగాను. ఏడడుగుల కర్ర నిలువునా ఎత్తి నడిస్తే తీగకి తగలాల్సిన పని కూడా లేదు, దగ్గరికొస్తే చాలు. తీగ కింద నడిచేటప్పుడు కర్ర నేలకి సమంగా పట్టుకోండి. తీగ దగ్గర విసరొద్దు. విసిరింది తీగకి చుట్టుకుంటే లాగొద్దు. వదిలేసి కరెంటాఫీసుకి ఫోన్ చెయ్యండి. ఎండాకాలం సాయంత్రాలు ఉరుము వినపడిందా, కర్ర కింద పడేసి గట్టు దిగి ఏదైనా ఇంట్లోకి వెళ్లిపోండి. చెట్టు కిందికి కాదు.

ఇంక మాటలు చాలు. బయట ఆవరణలో ప్లాస్టిక్ టబ్బు పెట్టించాను, పదిహేను అడుగుల దూరంలో సున్నంతో గీత గీశారు. గాలం లేకుండా ఉత్త గుండు కట్టిన కర్రలు నాలుగున్నాయి. వరసలో రండి, పిల్లలు ముందు. గేటు పక్క మూలకి మాత్రం ఎవరూ వెళ్లకండి, పైన సర్వీసు వైరుంది.